చెదలు పట్టిన చేను

ఆఫ్రికా ఖండంలో, ఎడారి ఇసుక ఆగిపోయి ఎర్రమట్టి మొదలయ్యే చోట సిరాకో అని ఒక ఊరు ఉండేది. మనుషుల ఊరు కాదు, జంతువుల ఊరు. అంత దూరపు జంతువులు మనలాగే మాట్లాడతాయా అని అడక్కండి. ఆకలి వేసినప్పుడూ, పక్కవాడి మీద చాడీలు చెప్పాలనిపించినప్పుడూ ఏ దేశపు జంతువైనా ఒకేలా మాట్లాడుతుంది.

ఆ ఊళ్ళో సీరా అనే ఆడ గాడిద ఉండేది. అందరికీ సీరక్క. ఎవరేం చెప్పినా తల ఊపుతూ వినేది కాబట్టి ఆమెకు ఏమీ తెలియదని ఊరంతా ఎప్పుడో తీర్మానించేసుకుంది. సీరక్క ఆ తీర్మానాన్ని దిద్దబోలేదు. తెలియనివాళ్ళ ముందు అందరూ అన్నీ మాట్లాడేస్తారు, అదొక సౌకర్యం.

మూడేళ్ళుగా సిరాకోలో పంట లేదు. వాన బొత్తిగా కురవలేదని కాదు. ఏడాదికి నాలుగైదు సార్లు గట్టిగానే కురిసేది. కానీ నేల పెనంలా గట్టిపడిపోయింది. పడ్డ నీరు పడ్డట్టే జారి ఏట్లో కలిసిపోయేది, మర్నాటికి మళ్ళీ దుమ్మే. ఏటికి అవతల అడవిలో ఏనుగుల మంద ఒకటి ఉండేది. ఆ మందకు పెద్దయిన ఏనుగమ్మ సిరాకో వాళ్ళ అవస్థ చూసి జాలిపడింది. ప్రతి నెలా సజ్జకంకుల మోపులు తన వాళ్ళ వీపుల మీద వేయించి ఏరు దాటించి తెచ్చేది. ఆ మోపులే లేకపోతే ఊళ్ళో సగం ప్రాణాలు మొదటి ఏడాదే పోయి ఉండేవి. ఈ మాట ఒప్పుకుని తీరాలి.

మోపులు వచ్చాక పంచడానికి ఒకరు కావాలి కదా. అందుకు నక్కన్న ముందుకొచ్చాడు. పాడైన కంకి ఎవరి నోటా పడకూడదని ప్రతి మోపునూ ముందు తానే రుచి చూసేవాడు. అలా రుచి చూసీ చూసీ కరువు రోజుల్లో కూడా అతని బొజ్జ గుండ్రంగానే ఉండేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఊరి గిన్నికోళ్ళు ఆ సంగతి బాగా గ్రహించి, నక్కన్న ఎటు వెళితే అటు గుంపుగా తిరిగేవి.

ఏనుగులు వచ్చే ముందు రోజు నక్కన్న ఊరందరినీ వరుసలో నిలబెట్టి, తల ఎంత వాల్చాలో, డొక్కలు ఎలా లోపలికి పీల్చాలో నేర్పించేవాడు. ఆ వరుసలో నిలబడ్డ ప్రతిసారీ సీరక్కకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయేది. ఇదే నేల మీద పండిన కంకులు మోసుకుంటూ తన తల్లి నడవడం ఆమె కళ్ళారా చూసింది. ఇప్పుడు ఊళ్ళో పిల్లలు సజ్జలు ఏనుగుల వీపుల మీదే కాస్తాయని అనుకుంటున్నారు. కాదురా అని చెప్పే పెద్దలు కూడా లేరు.

ఒక నెల ఏనుగమ్మ వచ్చింది కానీ, మోపులు సగమే వచ్చాయి. ఆమె అందరినీ దగ్గరకు పిలిచి ఉన్న సంగతి చెప్పింది. తన అడవిలో ఊటలు తగ్గిపోతున్నాయి. వానలకు ముందే మందను తీసుకుని బాగా దక్షిణానికి వెళ్ళిపోవాలి. ఇక తిరిగి రావడం ఉండదు. ఇవే చివరి కంకులు. వాటితోపాటు పెద్ద ఎండు సొరబుర్ర నిండా సజ్జ విత్తనం తెచ్చింది.

నక్కన్న నేల మీద పడి ఏడ్చాడు. గిన్నికోళ్ళు వంత పాడాయి.

“ఏడిస్తే ఊటలో నీళ్ళూరవు నాయనా. ఊరేటట్టయితే నేనే కూర్చుని ఏడ్చేదాన్ని” అంది ఏనుగమ్మ.

అప్పుడు సీరక్క వరుసలోంచి ముందుకొచ్చింది. “అమ్మా, మా నేలలో నీళ్ళు దిగడం లేదు. ఈ విత్తనం ఎలా మొలిపించాలి?”

ఏనుగమ్మ ఆమె వైపు తిరిగింది. “మూడేళ్ళుగా వస్తున్నాను. ఎప్పుడు వస్తావని అడిగారు, ఎంత తెచ్చావని అడిగారు. ఎలా మొలిపించాలని ఇవాళే విన్నాను. నాకు తెలియదమ్మా, మాది మెత్తటి నేల. ఈ నేల సంగతి దీని మీద పుట్టినవాళ్ళనే అడుగు” అని సొరబుర్రను సీరక్క ముందే పెట్టి వెళ్ళిపోయింది.

సీరక్క ఊళ్ళోకెల్లా ముసలివాడైన తాబేలు తాత దగ్గరకు వెళ్ళింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, తాతను ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు. పైగా తాత ఒక వాక్యం మొదలుపెడితే పూర్తయ్యేసరికి నీడ జరిగిపోతుంది. మూడేళ్ళుగా ఆయన ఏదో చెప్పబోతూనే ఉన్నాడు, ఎవరూ చివరిదాకా కూర్చోలేదు. సీరక్క కూర్చుంది.

“గుంటలు తవ్వాలి” అన్నాడు తాత. చాలాసేపటికి, “మూరెడు లోతు, అంగకొకటి. ఎండాకాలంలోనే తవ్వాలి” అన్నాడు. సీరక్క తల ఊపింది. “ఒక్కో గుంటలో దోసెడు ఎండుపేడ, పైన ఎండాకు. ఇక చెదలు వచ్చేదాకా ఆగాలి.”

“చెదలా తాతా?”

“చెదే. చెదపురుగుకు కావలసింది ఎండుపేడ, ఎండాకు. పచ్చని మొక్క జోలికి పెద్దగా పోదు. ఆ పేడ తినడానికి కింది నుంచి బొరియలు చేసుకుంటూ వస్తుంది. మనం పలుగుతో కొట్టినా పగలని నేలను అది గుల్ల చేసి పెడుతుంది. వాన పడితే ఆ బొరియల్లోంచే నీళ్ళు లోపలికి పోతాయి. మా తాతలు అలాగే పండించారు. నేల మెత్తబడ్డాక ఆ పని మానేశారు. అది మళ్ళీ గట్టిపడేసరికి ఏనుగుల కంకులు వచ్చాయి, ఇక ఎవరూ తవ్వలేదు.”

మర్నాటి నుంచే పని మొదలైంది. డోగో అనే అడవిపందికి మంచి కోరలున్నాయి, వాటికి మూడేళ్ళుగా పనిలేదు. అతను ముందు నడిచాడు. తక్కినవాళ్ళు కూడా గొణుక్కుంటూనే వచ్చారు. నెల రోజుల్లో ఊరిని ఆనుకుని ఉన్న పైచేనూ, ఏటి ఒడ్డున ఉన్న కిందిచేనూ నిండా గుంటలు పడ్డాయి. చిక్కల్లా పేడ దగ్గర వచ్చింది. తిండి చాలని ఊళ్ళో పేడ మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఊరంతా గీకి పోగుచేసినా పైచేనుకే సరిపోయింది. కిందిచేను గుంటలు ఖాళీగా నోరు తెరుచుకుని ఉండిపోయాయి.

పేడ మరెక్కడా లేదా అంటే, ఉంది. ఏటికి అవతల ఏనుగులు నడిచి వచ్చే దారి పొడవునా ఎండిన లద్దెలు కుప్పలుగా పడి ఉన్నాయి. నలుగురు కలిసి నాలుగు రోజులు మోస్తే కిందిచేను కూడా నిండిపోతుంది. సీరక్క ఆ మాట చెప్పేలోపే పైచేను గుంటల్లో చెదలు కనిపించాయి.

నక్కన్న ఇలాంటి అదను కోసమే కాచుకుని ఉన్నాడు. చేను పండితే తనను పంచమనేవాళ్ళుండరు. రుచి చూడమనేవాళ్ళు అసలే ఉండరు. వెంటనే ఊరిని సమావేశపరిచాడు.

“చెద పట్టిన ఇంట్లో ఎవరైనా కాపురముంటారా? మరి చెద పట్టిన గుంటలో విత్తనం వేస్తారా? ఆ విత్తనం మనం తిందాం. ఏనుగమ్మ పోయినా లోకం గొడ్డుపోలేదు. ఎగువ మడుగుల్లో నీటిగుర్రాలున్నాయి. పాడైన చేను చూపించి ఏడిస్తే అవి కరగవా?”

గిన్నికోళ్ళకు సొరబుర్ర పేరు వింటేనే గొంతులో తడి ఊరింది. అవి వెంటనే ఔనన్నాయి. సీరక్క చెదలు రావలసిందేనని చెప్పబోయింది.

“గాడిదకేం తెలుసు గంధపు వాసన” అన్నాడు నక్కన్న. అందరూ నవ్వారు. తాబేలు తాత జవాబు మొదలుపెట్టాడు కానీ, ఆయన రెండో మాటకు వచ్చేసరికి సభ అయిపోయింది.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. మొదటి వానదాకా విత్తనం ముట్టకూడదు. వాన పడ్డాక గుంటల్లో నీళ్ళు దిగితే విత్తుతారు, దిగకపోతే తినేస్తారు. ఈలోగా చెద పురుగుల మధ్య పనిచేయడానికి మాత్రం ఎవరూ రారు. డోగో కూడా కళ్ళు దించుకుని, “కోరలు అరిగిపోయాయక్కా” అని వెళ్ళిపోయాడు.

సీరక్కకు ఆ రోజు నిజంగా భయం వేసింది. పైచేను ఒక్కటే పండితే ఊరికి చలికాలందాకా తిండి వస్తుంది, అంతే. ఆ తర్వాత మళ్ళీ వరుసలో నిలబడాలి. ఈసారి ఎవరి ముందు? నీటిగుర్రాలు జాలిపడిన సంగతి ఆమె ఎన్నడూ వినలేదు. అందరూ ఊరు వదిలి తలోదిక్కూ పోవాల్సిందే, దారిలో సింహాలు తినగా మిగిలినవాళ్ళు ఎక్కడో బతకాల్సిందే.

ఒక్కతే ఏరు దాటి లద్దెలు మోయడం మొదలుపెట్టింది. ముసలి కాళ్ళు. రోజంతా తిరిగినా పదిహేను గుంటలు నిండలేదు. కిందిచేనులో వందల గుంటలున్నాయి. దక్షిణాన అప్పుడే చిన్న చిన్న మబ్బులు కనిపిస్తున్నాయి. మూడో రోజు ఆమె ఏటి ఒడ్డున కూలబడి చాలాసేపు ఆలోచించింది. తరవాత లేచి నేరుగా నక్కన్న దగ్గరకే వెళ్ళింది.

“నక్కన్నా, నువ్వు చెప్పిందే నిజం. నాకు బుద్ధి లేక నీతో వాదించాను.”

నక్కన్న మీసం దువ్వుకున్నాడు. “తెలుసుకున్నావు కదా చెల్లెమ్మా, అంతే చాలు.”

“పైచేను చెదల పాలైంది, పోనీ. కిందిచేను గుంటల్లో పేడ వేయకపోవడమే మంచిదైంది. అందులో చెదలు రావు. ఆ ఒక్క చేనూ పండితే ఊరంతా ఏడాది పొడుగునా తింటుంది.”

నక్కన్న మీసం దువ్వడం ఆపాడు. “ఏడాది పొడుగునా?”

“ఆపైన మిగులు కూడా ఉంటుంది. నా దిగులల్లా ఒకటే. ఏటి అవతల ఏనుగు లద్దెలున్నాయి చూడు, వాటి నిండా చెదలే. నేను తెలివితక్కువగా కొన్ని మోసుకొచ్చి ఒక మూల గుంటల్లో వేశాను. తక్కినవాటిలో కూడా పడ్డాయంటే మనం ఎవరి గడపకో పోయి అడుక్కోవాల్సిందే. నువ్వు పెద్దవాడివి, ఆ లద్దెల మీద ఒక కన్నేసి ఉంచు.”

“నువ్వు నిశ్చింతగా ఇంటికి పో చెల్లెమ్మా. లద్దెల సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు నక్కన్న. అంత ఆప్యాయంగా అతను ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండకు తాళలేక ఊరంతా తుమ్మచెట్ల నీడలో కునుకు తీస్తున్న వేళ, నక్కన్న ఏరు దాటాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పుల్ల ఇటు తీసి అటు పెట్టనివాడు, తన తలకు రెండింతలున్న లద్దెను మూతితో నెట్టుకుంటూ ఎండిపోయిన ఏట్లోంచి ఈవలికి తెచ్చాడు. దాన్ని చిదిపి గుంటగుంటకూ పంచాడు. పంచడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడే, ఏ గుంటకూ తక్కువ చేయలేదు. ఎవరి కంటా పడకుండా పైన ఎండాకు కూడా కప్పాడు. తాబేలు తాత దగ్గరుండి చెప్పినా అంత చక్కగా కుదిరేది కాదు.

సీరక్క ముళ్ళపొద వెనకాల నిలబడి చూస్తోంది. గాడిద నవ్వితే మూడు ఊళ్ళకు వినిపిస్తుంది కాబట్టి, నోటి నిండా ఎండుగడ్డి కుక్కుకుని ఆపుకుంది.

రోజూ అదే పని. బొజ్జ తగ్గింది, పాదాలు పొక్కాయి, మూతి మీద బొచ్చు ఊడింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఊరి గురించిన బెంగతో చిక్కిపోతున్నానని చెప్పేవాడు. ఎనిమిదో రోజున ఏటి ఒడ్డున చతికిలబడ్డాడు. చేను నాశనం కావడానికి ఇంతవరకూ చేసింది చాల్లే అనుకున్నాడు. ఇంకా తూర్పు పక్క గుంటలన్నీ మిగిలే ఉన్నాయి.

సాయంత్రం సీరక్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. “కొంప మునిగింది నక్కన్నా. కిందిచేనుకు కూడా చెదలు తగిలాయి.”

“అయ్యయ్యో” అన్నాడు నక్కన్న, సంతోషాన్ని మింగుకుంటూ.

“అయినా అధైర్యపడకు. తూర్పు పక్క గుంటలు శుభ్రంగా ఉన్నాయి. అది చేనులోకెల్లా సారమైన చోటు. అది ఒక్కటీ దక్కినా ఊరు గట్టెక్కుతుంది” అని ఓదార్చి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే నక్కన్న మూలుగుతూ లేచి మళ్ళీ ఏటికేసి నడిచాడు. మరో నాలుగు రోజులకు తూర్పు పక్క కూడా నిండింది. చెదలు వచ్చి ఇంకో వారం దాటగానే వాన వచ్చింది.

ఊరంతా చేలగట్ల మీద గుమిగూడింది. గట్టినేల మీద పడ్డ నీరు ఎప్పటిలాగే ఎర్రగా జారి ఏటి దారి పట్టింది. గుంటల దగ్గరకు వచ్చిన నీరు మాత్రం అక్కడే ఆగింది. కాసేపు సుడి తిరిగి, బుడగలు తేలుస్తూ లోపలికి దిగిపోయింది. ఒక గుంట కాదు, రెండు కాదు, రెండు చేలలో ఎన్ని గుంటలున్నాయో అన్నీ అలాగే తాగాయి. డోగో ఒక గుంటలోకి కోర దించి తీసి చూస్తే, అది మొదలంటా తడి మట్టితో వచ్చింది. అతను సీరక్క వంక చూసి తల దించుకున్నాడు. ఆమె సొరబుర్ర మూత తీసింది. ఒప్పందం ఒప్పందమే కాబట్టి గిన్నికోళ్ళు కూడా ముక్కులు బిగించుకుని విత్తాయి.

మొలకలు వచ్చాయి. ఇవాళ వాడిపోతాయి, రేపు వాడిపోతాయి అని నక్కన్న రోజూ చేలోకి వచ్చి చూసి పోయేవాడు. అవి అతని మోకాలు దాటాయి, చెవులు దాటాయి. కంకులు వేసేనాటికి చేలో నక్కన్న నిలబడితే బయటివాళ్ళకు కనిపించకుండా పోయాడు. పైచేను బాగా పండింది. ఏనుగు లద్దెల బలం తిన్న కిందిచేను దానికి రెట్టింపు పండింది.

కోతలైన రోజున ముందుగా వచ్చే ఏటికి విత్తనం తీసి పెట్టారు. తక్కిన కంకులు ఊరి మధ్య కుప్ప పోశారు. తమ నేల మీద పండిన సజ్జలను పిల్లలు మొదటిసారి చూశారు. సీరక్క ఒక్క కంకి నోట పెట్టుకుని ఒక్కో గింజే మెల్లగా నమిలింది. అప్పుడు నక్కన్న గొంతు సవరించుకుంటూ కుప్ప ముందుకు వచ్చాడు. ఇంత పంటను పద్ధతిగా పంచాలంటే అనుభవం ఉన్నవాడు ఒకడు ఉండాలని, పాడైన కంకి ఎవరికీ పోకుండా రుచి చూసే బాధ్యత తాను ఎప్పటిలాగే తీసుకుంటానని చెప్పాడు.

సీరక్క తల ఊపింది. “దానికంటే ముందు ఒక మాట. కిందిచేను గుంటలన్నీ నింపింది ఎవరో మీకు తెలుసా? మీరంతా నిద్రపోతుంటే పన్నెండు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏనుగు లద్దెలు మోసి, ఒంటిచేత్తో ఈ ఊరిని నిలబెట్టినవాడు మన నక్కన్న. నేను కళ్ళారా చూశాను.”

ఊరు నోరు తెరిచింది. డోగో వచ్చి కావలించుకున్నాడు. గిన్నికోళ్ళు చుట్టూ చేరి జేజేలు పలికాయి. నక్కన్న తాను మోయలేదందామంటే ఊడిన మూతిబొచ్చు ఇంకా రాలేదు. ఎందుకు మోశాడో చెబుదామంటే చుట్టూ డోగో కోరలున్నాయి.

“మరి వచ్చే ఏటి గుంటలకు?” అని అడిగాడు డోగో.

“ఏనుగులు లేకపోతేనేం, ఇక ఊళ్ళోనే అందరికీ కడుపునిండా తిండి ఉంది. ఎవరి గుమ్మం ముందు చూసినా పేడే ఉంటుంది” అంది సీరక్క. “తెల్లవారి లేచి అందరి గుమ్మాల దగ్గరా ఎత్తి చేలకు మొయ్యడం ఒక్కటే పని. ఇందులో నక్కన్నను మించినవాడు లేడని మీరే చూశారు. మొయ్యి అన్నయ్యా, అందరితోపాటు నీ వాటా నీకు ఉంటుంది. కంకులు ఎవరివి వాళ్ళు రుచి చూసుకుంటారులే.”

సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. తాబేలు తాత కూడా ఏదో అనడం మొదలుపెట్టాడు. ఈసారి అందరూ చివరిదాకా ఆగారు. తాత అన్నది “సరే” అని.

ఆ ఎండాకాలం నక్కన్న తట్ట నెత్తిన పెట్టుకుని పైచేనుకు పోతుంటే దారిలో సీరక్క కనిపించింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగాడు. “చెల్లెమ్మా, చెద తగిలితే చేను పోతుందని నాతో చెప్పావు కదా?”

“చెప్పాను. అంతకుముందు సభలో ఊరందరికీ నువ్వు చెప్పిందీ అదే కదన్నా. ఆ మాట నిజమని నమ్మి కష్టపడింది మాత్రం నువ్వొక్కడివే” అంది సీరక్క. “త్వరగా నడు, ఇంకా చాలా గుంటలున్నాయి.”

నీతి: చేయి చాచే ఊళ్ళో పంచేవాడు దొర, గుంట తవ్వుకున్న ఊళ్ళో వాడూ ఒక కూలీయే.